శుక్రవారం డబ్బా

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు నా టూర్ రిపోర్టులు చదివే మేనేజరు గారు అందులోని ప్రతి అంకెనూ మూడుతో భాగించుకునేవారు. ఒకసారి ఏ కళనున్నానో నిజం రాసి ముప్పై కేబుళ్లు కావాలని అడిగితే, వారు అలవాటు కొద్దీ పది పంపారు. ఈ జ్ఞాపకం చదివేవారు కూడా అదే పద్ధతి పాటించవచ్చు. అంకెలను భాగించుకోండి, దూరాలను తగ్గించుకోండి, నా తెలివిని సగానికి కోసుకోండి. ఒక్కచోట మాత్రం పెంచడం కాదు, పూర్తిగా కల్పించాను. అది ఎక్కడో చివర చెబుతాను.

2019 జూలైలో ఒక గురువారం సాయంత్రం నాకు భైంసా డ్యూటీ పడింది. అప్పటికి నేను కరీంనగర్‌లో కంప్యూటర్ల నిర్వహణ కాంట్రాక్టులు చేసే ఒక సంస్థలో సీనియర్ ఫీల్డ్ ఇంజనీరును. ఈ కొలువులో మెట్లు నాలుగే. ట్రెయినీ అడుగుతాడు, ఇంజనీరు విప్పుతాడు, సీనియర్ ఇంజనీరు తిడతాడు, మేనేజరు భాగిస్తాడు. మూడో మెట్టు మీద పదకొండేళ్లున్నాను. ఆ తర్వాత యాభై రెండేళ్లకే స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాను. మా సంస్థ ఆ శుభవార్తను ఎంత ఆనందంగా అందుకుందో రాస్తే అది కూడా పెంచి రాశానంటారు.

పని ఇది. భైంసాలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఉంది. దాని కంప్యూటర్ ల్యాబును ఆన్‌లైన్ ప్రవేశ పరీక్షలకు కేంద్రంగా గుర్తించాలని దరఖాస్తు పెట్టుకున్నారు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పరీక్ష సంస్థ తరఫున పరిశీలకుడు వస్తాడు. అప్పటికి అరవై కంప్యూటర్లలోనూ ఒకే రకం ఆపరేటింగ్ సిస్టం, ఒకే రకం పరీక్ష సాఫ్ట్‌వేరు ఉండాలి. ఒక్కదానిలో తేడా ఉన్నా ఆ ఏడాదికి కేంద్రం లేనట్టే. ఆ చుట్టుపక్కల పిల్లలంతా పరీక్ష రాయడానికి నిర్మల్‌కో నిజామాబాద్‌కో బస్సెక్కాలి.

ఒక్కో యంత్రం ముందు కూర్చుని సాఫ్ట్‌వేరు ఎక్కించాలంటే గంటన్నర పడుతుంది. అరవైకి ఎంతో లెక్క వేసుకోండి, ఈ అంకె మాత్రం భాగించకండి. అందుకే నెట్‌వర్క్ మీద ఎక్కిస్తాం. ముందు ఒక యంత్రాన్ని కొత్త పెళ్లికొడుకులా తయారుచేస్తాం. దాని డిస్కును యథాతథంగా నకలు తీస్తాం. ఆ నకలును ఇమేజ్ అంటారు. దాన్ని సర్వరులో పెట్టి, మిగతా యంత్రాలన్నింటికీ తీగల మీదుగా ఒకేసారి పంపుతాం. అన్నీ సవ్యంగా ఉంటే యాభై నిమిషాల పని.

అన్నీ సవ్యంగా ఉండటమంటే ఏమిటో కూడా చెప్పాలి. యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి లేపినప్పుడు అది కళ్లు తెరవగానే తీగలోకి ఒక కేక వేస్తుంది: నేనెవరిని, నా చిరునామా ఏమిటి, నేను చేయాల్సిన పనేమిటి అని. మన సర్వరు ఆ కేక విని ఒక చిరునామా ఇస్తుంది, దానితోపాటు ఫలానా ఫైలు తెచ్చుకుని మొదలుపెట్టు అని చెబుతుంది. ఒక ల్యాబులో చిరునామాలు పంచే హక్కు ఒక్కరికే ఉండాలి. మా వృత్తిలో ఇది మొదటి పాఠం. నేను ట్రెయినీలకు ఈ పాఠం చెప్పేటప్పుడు బల్ల గుద్దేవాణ్ణి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

శుక్రవారం తెల్లవారుతూనే సర్వరును కారు వెనక సీట్లో పడుకోబెట్టి, దానికి సీటు బెల్టు కట్టి బయల్దేరాను. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా నిర్మల్, అక్కడి నుంచి భైంసా. రోడ్డు మీద గుంతలు ఎంత పెద్దవంటే ఒకదానిలో దిగితే ఎదురుగా వచ్చే లారీ కనిపించేది కాదు. తొమ్మిదిన్నరకు ల్యాబు చేరాను.

ల్యాబ్ ఇన్‌చార్జి రేష్మా సుల్తానా గేటు దగ్గరే నిలబడి ఉంది. ముప్పై దాటిన మనిషి, ఆరేళ్లుగా అక్కడ కాంట్రాక్టు ఉద్యోగం. వార్షిక నిర్వహణ కాంట్రాక్టు మాదే కాబట్టి ఏడాదికి రెండు మూడుసార్లు అక్కడికి వెళ్తుండేవాణ్ణి, ఆమె నాకు పరిచయస్తురాలు. భైంసా అంటే పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లుల ఊరు. పత్తి దూది కంప్యూటర్ల ఫ్యాన్లలోకి దూరి పరుపులు కుడుతుంది. అలాంటి చోట ఆమె ప్రతి శనివారం అరవై డబ్బాలనూ విప్పి బ్రష్షుతో దులిపించేది. అంత శుభ్రమైన ల్యాబును నేను కరీంనగర్‌లో కూడా చూడలేదు.

చాయ్ తాగుతూ ఆమె సంగతి చెప్పింది. ఆ నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. కాలేజీ కార్యదర్శి గజానన్ సేటు ముందే తేల్చి చెప్పాడట. కేంద్రం వస్తే ఆమె కాంట్రాక్టు పొడిగిస్తారు, రాకపోతే ల్యాబు మూసేసి ఆ గదిని గోదాముకు ఇచ్చేస్తారు. ఆమె తల్లి, చదువుకునే చెల్లెలు ఆ జీతం మీదే ఉన్నారు.

"సెంటర్ వస్తె నేనుంటా సార్. రాకుంటె ఇంట్ల కూసుంటా. గంతే," అంది, చక్కెర తక్కువైందన్నంత మామూలుగా.

ఫికర్ చేయవద్దనీ, నాలుగింటికి కాదు, రెండింటికే పని ముగించి నిర్మల్‌లో భోజనం చేస్తాననీ నేను చెప్పాను. ఆ ధీమాకు కారణం ఉంది. రోజూ చిరునామాలు పంచే కాలేజీ పెట్టెలో ఆ పనిని ఆ పూటకు ఆపి, నా సర్వరు పెట్టి, ఐదు యంత్రాలతో పరీక్ష చేస్తే ఐదూ ఒక్క కేకకే లేచి నిలబడ్డాయి. ఆ విజయాన్ని అక్కడున్న అందరికీ వివరించాను. అక్కడున్నది ముగ్గురమే. నేను, రేష్మ, ల్యాబ్ ఊడ్చే గంగవ్వ. అయినా సభకు వివరించినట్టే వివరించాను.

పదింటికి మూస యంత్రాన్ని తయారుచేయడం మొదలుపెట్టి, దాని నకలు తీసేసరికి పన్నెండు దాటింది. పన్నెండున్నరకు అరవై యంత్రాలనూ ఒకేసారి ఆన్ చేయించాను. ఆ ఫ్యాన్ల హోరు మానేరు డ్యామ్ గేట్లన్నీ ఒక్కసారి ఎత్తినట్టుంది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

పదకొండు లేచాయి. నలభై తొమ్మిది లేవలేదు.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో, మొదలుపెట్టాల్సిన ఫైలు పేరు అందలేదని ఒక వాక్యం. నలభై తొమ్మిది తెరల మీద అదే వాక్యం. ఆపి మళ్లీ ఆన్ చేయించాను. ఈసారి పధ్నాలుగు లేచాయి. చిత్రమేమిటంటే ఇందాకటి పదకొండులో సగం ఇప్పుడు పడుకున్నాయి, పడుకున్నవాటిలో కొన్ని లేచాయి. ఎప్పుడూ ఒకే యంత్రం చెడితే అది జబ్బు. ఒకసారి ఇది, ఒకసారి అది చెడితే ఎవరో మనతో ఆడుకుంటున్నారని అర్థం.

ఆ గంటన్నరలో నేను ఆ హాల్లో నడిచిన దూరం కలిపితే బాసర వెళ్లి రావచ్చు. కూర్చుంటే కాళ్లు లేపేవి, నిలబడితే నడిపించేవి. మా పద్ధతి ప్రకారం ముందు తీగలు చూడాలి, ఆ తర్వాత స్విచ్ చూడాలి. ఇది గోడ మీది దీపం స్విచ్ కాదు, తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె. ఆ తర్వాత ఒక్కో యంత్రం లోపలి అమరికలు చూడాలి. తీగలు మార్చాను. స్విచ్‌ను ఆపి లేపాను. ఇరవై యంత్రాల అమరికలు ఒక్కొక్కటే తెరిచి చూశాను. అన్నీ దోషం లేనివే.

ఈ మధ్యలో గంగవ్వ మూడుసార్లు వచ్చింది. ఆమె పెనిమిటి మస్కట్‌లో ఏదో కంపెనీ క్యాంపులో పని చేస్తాడు. మొదటిసారి వచ్చి తలుపు దగ్గర నిలబడి, "సారూ, జర మా డబ్బ జూడరాదు. ఫోన్ కలుస్తలేదు," అంది. పనిలో ఉన్నానని పంపేశాను. రెండోసారి వచ్చి, "ఓపారి కలుస్తది, ఓపారి కలువది. గిట్లయితె ఎట్ల సారూ?" అంది. నా అరవై కంప్యూటర్లు పడుకుంటే నీ ఫోనొకటా అన్నాను. మూడోసారి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు నా నడక చూసి వెళ్లిపోయింది.

ఒకటిన్నరకు మా మేనేజరుకు ఫోన్ చేసి నలభై తొమ్మిది యంత్రాలు లేవడం లేదని చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, పదహారే కదా, ఎట్లాగో సర్దుకోమన్నారు.

రెండు గంటలకు నేను చేసిన పని చెప్పాలి. సాంకేతికంగా కారణం దొరకనప్పుడు ఇంజనీరు మనుషుల్లో వెతుకుతాడు. కార్యదర్శి గజానన్ సేటు ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని అడిగాడు. ల్యాబు నిర్వహణలో లోపం ఉండవచ్చనీ, పిల్లలెవరైనా అమరికలు కెలికి ఉండవచ్చనీ అన్నాను. పక్కనే ఉన్న రేష్మ విన్నది. పావుగంటలో సేటు జీపు దిగి, ల్యాబు మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. తన పత్తి మిల్లు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద దూది అంటుకుని ఉంది. ల్యాబు తాళాలు ఎవరెవరి దగ్గర ఉంటాయో చెప్పమని రేష్మను అడిగాడు. తన దగ్గరే ఉంటాయంది. "అయితే మేడం, జిమ్మేదారీ భీ నీదే గద," అన్నాడాయన. కోపంగా అనలేదు, బాధ్యతను తూకం వేసి అప్పగించినట్టు అన్నాడు.

గోడ గడియారం రెండు ఇరవై చూపిస్తోంది. నేను పదిహేడోసారి తీగలు చూడటానికి బల్లల కింద దూరాను. బల్ల కింద ఉన్నంతసేపూ ఎవరి ముఖమూ చూడనక్కరలేదు.

రేష్మ నోటుబుక్కుతో వచ్చి బల్ల పక్కన కూర్చుంది. నేను తీగలతో కుస్తీ పడుతున్నంతసేపూ ఆమె ఒక్కో యంత్రం దగ్గరికీ వెళ్లి, తెర మీద కనిపించినదంతా రాసుకుంది. మొదటిసారి ఏవి లేచాయి, రెండోసారి ఏవి, దేనికి ఏ చిరునామా వచ్చింది, అన్నీ గళ్లు గీసి మరీ.

"సార్, గీ నంబర్లు రెండు రకాలున్నయి," అంది. "లేచినయన్నిటికి పదితోటి షురువైతుంది. లేవనియన్నిటికి నూట తొంభై రెండుతోటి. మన సర్వర్ ఇచ్చేది పదే గద. మరి గీ నూట తొంభై రెండు ఎవలిస్తున్నరు?"

నేను బల్లకు తల కొట్టుకుని బయటికి వచ్చాను. తల నిజంగానే తగిలింది, బొప్పి మూడు రోజులుంది.

ఏళ్లుగా బల్ల గుద్ది చెప్పిన పాఠం. చిరునామాలు పంచే వాళ్లు ఇద్దరున్నారు. యంత్రం కేక వేయగానే మన సర్వరూ పలుకుతోంది, ఇంకెవరో కూడా పలుకుతున్నారు. ముందు పలికిన వారి మాటే యంత్రం వింటుంది. ఆ రెండో మనిషి చిరునామా మాత్రం ఇస్తాడు, ఏ ఫైలు తెచ్చుకోవాలో చెప్పడు. పాపం ఆ యంత్రం చిరునామా చేతిలో పట్టుకుని దారి తెలియక నిలబడిపోతుంది. ఇదంతా ప్రతి తెర మీదా రాసే ఉంది. నేను నలభై తొమ్మిది తెరలు చూశాను, చదవలేదు. ఆమె చదివింది.

ఆ రెండో మనిషి ఎక్కడున్నాడో పట్టుకోవడం సులభం. ఏ పరికరం ఏ రంధ్రంలోంచి మాట్లాడుతోందో స్విచ్ ఒక పట్టిక రాసుకుంటుంది. చూస్తే ముప్పై ఏడో రంధ్రం. దాని తీగ గోడలోంచి ల్యాబు వెనక సామాన్ల గదిలోకి పోయింది. సేటు ఫోన్‌లో ఎవరితోనో పత్తి బేళ్ల గురించి మాట్లాడుతున్నాడు. రేష్మ, నేను ఆ గది తలుపు తీశాం.

లోపల గంగవ్వతో కలిపి ఎనిమిది మంది ఆడవాళ్లు నేల మీద చాపలు పరుచుకుని కూర్చున్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. కొందరు కొంగులు కప్పుకున్నారు, ఇద్దరు బురఖాల్లో ఉన్నారు. ఒకామె ఒళ్లో పసిపిల్ల. మస్కట్‌లో శుక్రవారం సెలవు. కాలేజీ ఉన్న వాడలో గల్ఫ్‌కు పోయినవాళ్ల పెండ్లాలంతా శుక్రవారం మధ్యాహ్నం ఆ గదికి వచ్చి, ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకుంటారు. మిగతా ఆరు రోజులూ ఆ గది కరెంటు ఆపేసి ఉంటుంది, పన్నెండున్నరకు గంగవ్వ వచ్చి ప్లగ్గు పెడుతుంది. ఉదయం ఐదు యంత్రాలు లేచి, మధ్యాహ్నం అన్నీ పడుకోవడానికి కారణం అదే. మూలన ఉన్న పాత ప్రింటరు మీద తెల్లటి వైఫై రౌటరు ఒకటి దీపాలు మిణుకుమనిపిస్తూ కూర్చుంది. దాని నెత్తి మీద తెల్ల టేపు అంటించి, నీలిసిరాతో "ముట్టవద్దు" అని రాసి, కింద రెండు గీతలు కొట్టి ఉంది.

ఆ చేతిరాత నాది.

"మీరు పెట్టిచ్చిందే గద సారూ," అంది గంగవ్వ. "ఇందాకటి సంది అదే చెప్తున్న. మీరు పిన్ను గుచ్చుమన్న కాడికెల్లి గిట్లనే అయితుంది."

అప్పుడు గుర్తొచ్చింది. అంతకు ఏడాది ముందు ఇదే ల్యాబుకు వచ్చినప్పుడు, ఫోన్‌లో పెనిమిటి ముఖం ఆగి ఆగి కనిపిస్తోందని గంగవ్వ చెప్పింది. నా సంచిలో ఎక్కడో తీసేసిన పాత రౌటరు ఉంది. దాన్ని ఉదారంగా అక్కడ పెట్టి, చిరునామాలు పంచే పనిని దానిలో ఆపేసి, అది కేవలం వైఫై ఇచ్చేలా చేసి వెళ్లాను. ల్యాబు గోడ మీద నెట్‌వర్క్ పటం వేలాడుతోంది. ఏ తీగ ఎక్కడికి పోతుందో గీసింది నేనే. అందులో ఈ రౌటరును గీయలేదు. సాయానికి పటమెందుకు అనుకున్నాను.

ఈ శుక్రవారానికి రెండు వారాల ముందు అది మొరాయిస్తే గంగవ్వ రేష్మ చేత నాకు ఫోన్ చేయించింది. అప్పుడు నేను చొప్పదండిలో ఒక విత్తనాల దుకాణంలో ప్రింటరు బాగుచేస్తున్నాను. తొందరలో, వెనక చిన్న రంధ్రం ఉంటుంది, పిన్నుతో పది అంకెలు లెక్కపెట్టేదాకా గుచ్చండి, డబ్బా అడుగున ఉన్న పాస్‌వర్డ్ కొట్టండి అని చెప్పి పెట్టేశాను. అలా గుచ్చితే రౌటరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిననాటి స్థితికి పోతుంది. నేను ఆపిన పని మళ్లీ మొదలుపెడుతుంది. దాని చిరునామా పట్టుకున్న ఫోనుకు మస్కట్ దొరకదు, కాలేజీ పెట్టెదో, ఇవాళైతే నా సర్వరుదో పట్టుకున్న ఫోనుకు దొరుకుతుంది. ఓపారి కలుస్తది, ఓపారి కలువది. నా రోగమూ గంగవ్వ రోగమూ ఒక్కటే. ఆమె మూడుసార్లు వచ్చి, రెండుసార్లు లక్షణాలు కూడా చెప్పింది.

రెండు యాభైకి ప్లగ్గు పీకాను. గదిలో ఎనిమిది ముఖాలు ఒకేసారి ఫోన్ల మీంచి లేచి నా వైపు చూశాయి. ఇవతల అరవై యంత్రాలకు అరవై లేచాయి. ఇమేజ్ పోవడం మొదలైంది. తెరల మీద నీలి గీతలు కదులుతుంటే నేను మళ్లీ నడిచాను. ఈసారి ఆదిలాబాద్ దాకా. మూడు నలభై ఐదుకు ఆఖరి యంత్రం పూర్తయింది.

పరిశీలకుడు పది నిమిషాలు ముందే వచ్చాడు. గడియారాన్ని తప్ప మనుషులను చూడని మనిషి. అతను యంత్రాలు ఒక్కొక్కటే చూస్తుండగా, సామాన్ల గదిలోంచి గజానన్ సేటు రౌటరును తోక పట్టుకున్న ఎలుకలా తీగతో వేలాడదీసుకుని వచ్చాడు. "గీ మాల్ ఎవలిది?" అన్నాడు.

అప్పుడు నేను ముందుకు వచ్చాను. అది నాదని చెప్పాను. ఏడాది క్రితం నేను పెట్టాననీ, పటంలో గీయలేదనీ, రెండు వారాల క్రితం ఫోన్‌లో తప్పు సలహా ఇచ్చాననీ, మధ్యాహ్నం రేష్మా మేడం మీద వేసిన నింద పూర్తిగా అబద్ధమనీ, కారణాన్ని పట్టుకున్నది కూడా ఆమేననీ గుక్కతిప్పుకోకుండా చెప్పాను. నా గొంతు మిల్లుల సైరన్లను మించి మోగింది. పరిశీలకుడు మొదటిసారి గడియారం మీంచి చూపు తీసి నా చేయి పట్టుకుని ఊపాడు. సేటు అక్కడికక్కడే తెల్లకాగితం తెప్పించి రేష్మ కాంట్రాక్టు పొడిగిస్తున్నట్టు రాసి సంతకం పెట్టాడు. గంగవ్వ కళ్లొత్తుకుంది. వాడవాళ్లందరికీ కాలేజీ ఖర్చుతో వేరే కనెక్షను మంజూరైంది. అందరం చాయ్ తాగాం.

కల్పించింది ఇదీ. ఈ ఒక్క పేరా.

జరిగింది వేరు. సేటు ఎవరిదని అడిగినప్పుడు నేను సర్వరు తెర వైపు చూస్తున్నాను. అందులో చూడటానికి ఏమీ లేదు, పని అప్పటికే అయిపోయింది. నా చేతిలో ధ్రువీకరణ పత్రం ఉంది. ల్యాబు దోషరహితంగా ఉందని ఇంజనీరు సంతకం చేయాల్సిన కాగితం అది. నేను నోరు తెరవబోతున్నానో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెరిచే అవసరం రాలేదు.

"నాదే సార్," అంది రేష్మ. "ఇంట్లకెల్లి తెచ్చి పెట్టిన."

ఆమె ఆయన చేతిలోంచి రౌటరును అందుకుని, మాట్లాడుతూనే గోటితో టేపు ఒలిచి గుప్పిట్లో ముద్ద చేసుకుంది. పరిశీలకుడు ఆ సంభాషణ వినలేదు. అరవైకి అరవై సరిపోయాయి. నేను సంతకం చేశాను. కేంద్రం వచ్చింది.

వరండాలో, ఎందుకలా చెప్పావని ఆమెను అడిగాను. "మీ తప్పని తెలిస్తె మీ సంతకం చెల్లుతదా సార్? ఇంకో ఇంజనీరును పిలుమంటరు. గియ్యాల సెంటర్ పోతది," అంది. ఒక్క క్షణంలో వేసుకున్న లెక్క. నేను మధ్యాహ్నమంతా వేసిన లెక్కలకన్నా శుద్ధమైనది.

లెక్కలో ఒక్కటే తప్పిపోయింది. ఆ సాయంత్రం నేను దాఖలు చేయాల్సిన సర్వీసు రిపోర్టులో "నిర్ధారించిన కారణం" అనే గడి ఉంటుంది. అందులో "ల్యాబులో అనుమతి లేని పరికరం" అని రాశాను. ఒక ప్రతి కాలేజీకి పోయింది. సేటు ఆ వాక్యాన్నే ఎత్తి రాసి ఆమెకు మెమో ఇచ్చాడు. కేంద్రం ఉంది, ల్యాబు ఉంది. నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు మాత్రం పొడిగించలేదు. ఆ రిపోర్టును మర్నాడు పదకొండు దాకా దిద్దవచ్చు. మా నిబంధన అది. పదకొండింటికి నేను కరీంనగర్ ఆఫీసులో, భైంసాలో అరవై యంత్రాలను ఎట్లా లేపానో ట్రెయినీలకు చెబుతున్నాను. అప్పటికి అవి నూట ఎనభై అయ్యాయి.

రేష్మ ఇప్పుడు భైంసా బస్టాండు దగ్గర ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే దుకాణం నడుపుతోంది. వెనక గోడకు వైఫై ఉంది, శుక్రవారం అక్కడ చాపలు పరుస్తారట. ఈ సంగతి రాస్తున్నానని ఫోన్ చేసి చెప్పాను. "రాయుండ్రి సార్," అంది. "మీరు ఒప్పుకున్నట్టు మాత్రం రాయకుండ్రి." సరేనన్నాను. అయినా ముందు అలాగే రాశాను. అందుకే ఈ చివరి పేజీ రాయాల్సి వచ్చింది.

ఈ ఉదంతం వల్ల వృత్తిపరంగా నేర్చుకున్నవి మూడు. తెర మీద ఉన్నదాన్ని చూడటం వేరు, చదవడం వేరు. ఊడ్చేమనిషి చెప్పే ఇబ్బందిని కూడా ఫిర్యాదుల పుస్తకంలో ఎక్కించాలి. చేసిన సాయాన్ని కూడా పటంలో గీయాలి, తేదీ వేసి, పేరు రాసి. ఆ రౌటరుకు అనుమతి ఇచ్చింది నేనే. ఈ వాక్యాన్ని మూడుతో భాగించకండి.